టీవీ స్కిట్ తయారీ: సొంత పాత్ర, ప్రముఖుల అనుకరణ, కాగితం నుంచి ప్రసారం వరకు

స్కిట్ అనే మాట తెలుగు ఇళ్ళలో వాడుక మాటగా మారింది 2013 ఫిబ్రవరిలో ఈటీవీలో జబర్దస్త్ మొదలైన తరువాతనే. ఒక టీమ్ లీడర్, అతని వెంట నలుగురైదుగురు నటులు, ఎదురుగా న్యాయనిర్ణేతలు, కొద్ది నిమిషాల్లో ముగిసిపోయే చిన్న కథ అనే ఆ చట్రం ఎంతగా నాటుకుపోయిందంటే, కళాశాల వార్షికోత్సవాల్లోనూ, అమెరికాలోని తెలుగు సంఘాల ఉగాది వేదికల మీదా ఇప్పుడు స్కిట్ అంటే దాదాపు అదే. ఆ చట్రంలో నడిచే సరుకు ప్రధానంగా రెండు రకాలు. మొదటిది, ఎక్కడా లేని మనిషిని మనమే పుట్టించే సొంత పాత్ర. రెండోది, అందరికీ తెలిసిన నటుణ్ణో నాయకుణ్ణో దించే అనుకరణ. మొదటిదాన్ని రచయిత పనిగానూ, రెండోదాన్ని మిమిక్రీ కళాకారుని పనిగానూ విడదీసి చూడటం మనకు అలవాటు. నా దృష్టిలో ఈ విభజన వల్లనే చాలా స్కిట్లు సగంలో చతికిలబడుతున్నాయి. గొంతు ఎంత బాగా కుదిరినా మొదటి అర నిమిషం చప్పట్లకే సరిపోతుంది. ఆ తరువాత ప్రేక్షకుణ్ణి నిలబెట్టేది ఆ మనిషికి ఏం కావాలన్న ప్రశ్న ఒక్కటే. సొంత పాత్రకైనా, అనుకరణకైనా పని అక్కడినుంచే మొదలుపెట్టాలి.

మొదటి మెట్టు: పాత్రకు ఒక యావ

పాత్రను ఊహించేటప్పుడు చాలామంది గెటప్‌తో మొదలుపెడతారు. ఎత్తు పళ్ళు, నత్తి, వింత విగ్గు, మగవాడికి చీర. ఇవన్నీ ఎంట్రీకి ఒక నవ్వు తెస్తాయి, అంతటితో వాటి పని అయిపోతుంది. పాత్రను నడిపించేది యావ. లోకం తల్లకిందులైనా ఆ మనిషి వదలని ఒకే ఒక్క పట్టుదలను యావ అంటున్నాను.

ఈ సూత్రం మనకు కొత్తది కాదు. పిట్టలదొరను చూడండి. ఖాకీ కోటు, టోపీ, భుజాన చెక్క తుపాకీతో ఊరి వీధిలోకి వచ్చే ఆ వేషధారిని తెలంగాణలో తుపాకి రాముడని కూడా అంటారు. అతనికి ఉన్నదల్లా కోతలు కోయాలన్న యావ. తన జాగీరు, తన వేట, తన భోగం గురించి అతను చెప్పే అబద్ధాలు ఊరికో రకంగా మారుతుంటాయి గాని ఆ యావ మారదు. టీవీ కాలానికి వస్తే, వి6 ఛానెల్ తీన్మార్ వార్తల్లో బిత్తిరి సత్తి పాత్ర నిలబడినది కూడా వేషం వల్ల కాదు. ప్రతి వార్తనూ ఊరి అరుగు మీది అమాయకత్వంతో అడిగి, దాన్ని తన బతుక్కి అన్వయించుకునేదాకా ఊరుకోని స్వభావం వల్ల నిలబడింది. ఎదురుగా సరిదిద్దే సావిత్రక్క ఉండటం వల్ల ఆ స్వభావానికి ప్రతిరోజూ మేత దొరికింది.

సాధన కోసం ఒక పాత్రను ఇక్కడే తయారు చేద్దాం. పెళ్ళిళ్ళలో మండపం పక్కన బల్ల వేసుకుని చదివింపులు రాసే పెద్దమనిషి ప్రతి ఊళ్ళోనూ ఉంటాడు. ఎవరు నూట పదహార్లు ఇచ్చారో, ఎవరు స్టీలు బిందె తెచ్చారో రాసుకుని, ఒకప్పుడు మైకులో చదివి వినిపించేవాడు కూడా. అతనికి చలపతి అని పేరు పెడదాం. అతని యావ ఏమిటంటే, లోకంలో ఇచ్చిపుచ్చుకున్న ప్రతిదీ పుస్తకంలోకి ఎక్కాలి, రెండు వైపులా లెక్క సరిపోవాలి. ఇక అతని అలవాట్లన్నీ ఈ యావలోంచే పుట్టాలి తప్ప విడిగా తెచ్చి అతికించకూడదు. పొడవాటి ఖాతా పుస్తకం, దానికి రబ్బరు బ్యాండు, పేజీ తిప్పేముందు నాలుకకు తగిలే బొటనవేలు, పళ్ళ మధ్య పెన్ను మూత. మూత పళ్ళ మధ్య ఉన్నంతసేపూ మాట నొక్కుకుపోయి వస్తుంది. మూత తీసిన మరుక్షణం మైకులో చదివినట్టు గొంతు పెద్దదవుతుంది. నత్తి అవసరం లేకుండానే పాత్రకు ఒక మాటతీరు వచ్చింది, అది కూడా అతని పనిలోంచే వచ్చింది.

పాత్ర పనికొస్తుందో లేదో తెలుసుకోవడానికి దానిని పుట్టినచోట కాక వేరే చోట్ల పెట్టి చూడాలి. చలపతిని పెళ్ళిలోనే ఉంచితే అతను మామూలు మనిషి. ఆసుపత్రి వార్డులో, పరామర్శకు వెళ్ళిన ఇంట్లో, పోలింగ్ కేంద్రంలో, విడాకుల కోర్టులో పెట్టినప్పుడే అతను హాస్యపాత్ర అవుతాడు. కనీసం నాలుగు చోట్లు వెంటనే తట్టకపోతే ఆ పాత్రను అక్కడే వదిలేయడం మేలు.

రెండవ మెట్టు: యావకు దెబ్బ తగిలే చోటు

చోటు ఎంచుకోవడమే సగం రచన. ఆసుపత్రిని తీసుకుంటే మొదటి అర పేజీ ఇలా రావచ్చు.

చలపతి: బాబాయ్, ఎలా ఉంది?

రోగి: ఏదో ఉన్నానురా.

చలపతి: (పుస్తకం తెరిచి) 2009లో మా నాన్నకి ఆపరేషన్ అయినప్పుడు మీరు తెచ్చినవి కమలాలు, ఆరు. (సంచిలోంచి ఒక్కొక్కటే బల్ల మీద పెడుతూ) ఒకటి, రెండు, మూడు... ఆరు. సరిచూసుకుని సంతకం పెట్టండి.

రోగి భార్య: ఆ చేతికి సెలైన్ ఉంది, నాయనా.

చలపతి: వేలిముద్రైనా ఫర్వాలేదు పిన్నీ.

ఇక్కడ ఎవరూ జోకు చెప్పడం లేదు. చలపతి తన ధర్మం తాను నెరవేరుస్తున్నాడు, మిగతావాళ్ళు మామూలు మనుషుల్లా స్పందిస్తున్నారు. స్కిట్‌లో ఒక్క మనిషైనా ప్రేక్షకుల పక్షాన నిలబడి సాధారణంగా ప్రవర్తించాలి. అందరూ పంచ్‌లు వేస్తే ఎవరి పంచ్ దేనికి తగులుతోందో తెలియదు. మన స్కిట్లలో ప్రతి నటుడికీ కౌంటర్ ఉండాలన్న పట్టింపు బలంగా ఉంది. టీమ్‌లో సమానత్వానికి అది మంచిదే గాని కథకు కాదు.

తరువాతి పని ఈ ఒక్క పరిస్థితినే మెట్టు మెట్టుగా బిగించడం. పిన్ని ఒక కమలం వలిచి మర్యాదకు చలపతికే ఇస్తుంది, అలవాటుగా తినేస్తాడు, లెక్క ఒకటి తగ్గుతుంది. దాన్ని సరిచేయడానికి పక్క మంచం రోగి దగ్గర ఒక కమలం అప్పు తీసుకుంటాడు. ఇప్పుడు ముక్కూమొహం తెలియని వాళ్ళతో కొత్త ఖాతా తెరవవలసి వచ్చింది. డాక్టరు రౌండ్స్‌కు వస్తే, ఆయన ఎన్నిసార్లు చూశాడు, రోగి ఎన్నిసార్లు దణ్ణం పెట్టాడు అని అదీ రాయడం మొదలుపెడతాడు. మూడో మెట్టు దాటేసరికి వార్డంతా ఒకరికొకరు బాకీ పడి ఉండాలి.

ముగింపు కూడా యావలోంచే రావాలి. తెలుగు స్కిట్లలో ఎక్కువగా కనిపించే రెండు ముగింపులు, అందరూ కలిసి ఒకణ్ణి కొట్టడం, లేదా చివరి నిమిషంలో సందేశం ఇచ్చి కళ్ళు తుడుచుకోవడం. రెండూ రచయితకు ముగింపు దొరకలేదన్నదానికి గుర్తులే. చలపతి కథలో ముగింపు ముందునుంచే సిద్ధంగా ఉంది. వెళ్ళబోతున్న చలపతితో రోగి, “నువ్వు నన్ను చూడటానికి వచ్చావు, మరి నేనూ నిన్ను చూడటానికి ఆసుపత్రికి రావాలి కదరా, అది రాశావా?” అంటాడు. చలపతి పుస్తకం తెరిచి చాలాసేపు చూస్తాడు. తరువాత డాక్టరు వైపు తిరిగి, “ఖాళీ మంచం ఎప్పుడుంటుందండీ?” అని అడుగుతాడు.

మూడవ మెట్టు: ప్రముఖుణ్ణి దించడం

మన దగ్గర అనుకరణకు గౌరవం తెచ్చిన పేరు నేరెళ్ళ వేణుమాధవ్. వరంగల్‌లో 1932 డిసెంబరు 28న పుట్టి, ధ్వన్యనుకరణను సభావేదికల మీద ఒక స్వతంత్ర కళగా నిలబెట్టి, 2001లో పద్మశ్రీ అందుకుని, 2018లో కన్నుమూసిన ఆయన పుట్టినరోజును మిమిక్రీ కళాకారులు ఇప్పటికీ తమ పండుగగా జరుపుకుంటారు. అయితే సభలో మిమిక్రీకీ, స్కిట్‌లో అనుకరణకూ తేడా ఉంది. సభలో కళాకారుడు పది నిమిషాల్లో పాతికమందిని పలికించవచ్చు. ఒక్కొక్కరికీ రెండు వాక్యాలు చాలు. స్కిట్‌లో ఒక్క మనిషిగానే ఆరేడు నిమిషాలు బతకాలి, ఎదుటివాళ్ళతో మాట్లాడాలి, రిహార్సల్‌లో లేని మాట వచ్చినా ఆ మనిషిలాగే జవాబివ్వాలి.

పని ఇలా విడగొట్టుకోండి. ముందుగా ఆ వ్యక్తి మామూలుగా మాట్లాడిన రికార్డింగు తీసుకోండి. విలేకరుల సమావేశం, ఆడియో ఫంక్షన్, ఇంటర్వ్యూ ఏదైనా సరే, సినిమా డైలాగు మాత్రం వద్దు. సినిమా డైలాగు ఆయన అప్పటికే వేసిన వేషం; దాన్ని అనుకరిస్తే వేషానికి వేషం వేసినట్టవుతుంది, పైగా అది ఊళ్ళో ప్రతి కుర్రాడికీ వచ్చు. రెండు మూడు నిమిషాల ముక్కను బొమ్మ చూడకుండా విని, ఆయన ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నారు, వాక్యం చివర గొంతు పైకి లేస్తోందా కిందికి జారుతోందా, ఊతపదం ఏమిటి, నవ్వు మాటకు ముందు వస్తోందా తరువాత వస్తోందా రాసుకోండి. ఆ తరువాత అదే ముక్కను శబ్దం లేకుండా చూసి చేతులు, మెడ, కూర్చునే తీరు రాసుకోండి. మీ కాగితం మీద పదో పదిహేనో గుర్తులు తేలుతాయి. వాటిలో మూడింటిని ఉంచుకుని మిగతావి కొట్టేయండి. అన్నీ చేయబోతే మనిషి కనబడడు, కష్టం మాత్రమే కనబడుతుంది.

గొంతు సంగతి ఒక మాట. బొంగురు గొంతులను దించేటప్పుడు గొంతును రాపాడించి తెచ్చే శబ్దం రిహార్సల్లో బాగానే ఉంటుంది, రికార్డింగు రోజు మూడో టేకుకు గొంతు పోతుంది. ఆ బరువును ఛాతీలోంచి, నోటి ఆకారంలోంచి తెచ్చుకోవడం నేర్చుకోవాలి; గొంతు గరగరమన్న క్షణాన ఆపేసి గోరువెచ్చని నీళ్ళు తాగి మౌనంగా ఉండాలి.

ఇప్పుడు అసలు విషయం. ఆ మూడు గుర్తులు దొరికాక, సొంత పాత్రకు అడిగిన ప్రశ్ననే ఇక్కడా అడగండి. ప్రజల మనసులో ఉన్న ఈ మనిషికి ఏం కావాలి? అమెరికాలో 1975 అక్టోబరు 11న మొదలైన సాటర్డే నైట్ లైవ్ అనే టీవీ హాస్య కార్యక్రమం తొలినాళ్ళలో చెవీ చేజ్ అనే నటుడు అప్పటి అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ వేషం వేశాడు. విగ్గు లేదు, గొంతు పోలిక లేదు, అసలు ఆ పోలిక కోసం ప్రయత్నమే లేదు. ఫోర్డ్ ఒకసారి విమానం మెట్ల మీద జారిపడటాన్ని పట్టుకుని, హుందాగా కనబడాలన్న ఆరాటం, అడుగుకోసారి తట్టుకుని పడటం అన్న రెండింటినే వాడుకున్నాడు. దేశమంతా ఆయన్ని ఫోర్డ్‌గా ఒప్పుకుంది. పోలిక లేకుండా అనుకరణ చేయమని నా ఉద్దేశం కాదు. పోలిక పునాది కాదని చెప్పడానికే ఈ ఉదాహరణ.

తెలుగు ఉదాహరణ తీసుకుందాం. ఎన్.టి. రామారావు గారిని దించని మిమిక్రీ కళాకారుడు తెలుగునేల మీద ఉండడు. మామూలుగా ఏం చేస్తారంటే పౌరాణిక సినిమా డైలాగు ఒకటి అప్పజెప్పి, చప్పట్లు కొట్టించుకుని దిగిపోతారు. స్కిట్ రాయాలంటే ఆ రూపానికి ఏం కావాలో చూడాలి. 1982లో పార్టీ పెట్టి చైతన్యరథం మీద ఊరూరా తిరిగిన ఆ మనిషిని జనం ఎక్కడున్నా గుర్తుపట్టారు. తనను లోకమంతా గుర్తిస్తుందన్న నిండు నమ్మకమే ఆ పాత్రకు ఊపిరి. ఆ నమ్మకానికి ఎక్కడ దెబ్బ తగులుతుంది? రేషన్ దుకాణంలో వేలిముద్ర యంత్రం దగ్గర. డీలరు వేలు పెట్టమంటాడు, యంత్రం గుర్తించలేదని ఎర్రదీపం వెలిగిస్తుంది. డీలరు తల ఎత్తకుండానే, “మ్యాచ్ అవ్వట్లేదండీ, చెయ్యి కడుక్కుని రండి” అంటాడు. ఆయన సుదీర్ఘంగా నిట్టూర్చి, యంత్రం వైపు తిరిగి, “రారమ్మని జనులు పిలువగా వచ్చినవాడను, పొమ్మని యంత్రము పలుకునా!” అంటారు. డీలరు: “సర్వర్ డౌన్ సార్. రేపు పదకొండింటికి.” గ్రాంథికం ఒక వైపు, సర్వర్ ఇంకోవైపు; ఆయన స్థాయి ఎక్కడా తగ్గలేదు, డీలరు కూడా తప్పు చేయలేదు. పక్కన వరుసలో ఉన్న ముసలమ్మ “నాకూ మూణ్ణెల్లుగా ఇంతే బాబూ” అన్నప్పుడు స్కిట్‌కు రెండో మలుపు వస్తుంది, ఎందుకంటే ఆయనకు ఇప్పుడు ఒక ప్రజ దొరికింది, ప్రసంగానికి కారణం దొరికింది.

గమనించండి, ఇందులో ఏ సినిమా డైలాగూ లేదు. ఆ మనిషి చెప్పినవాటిని కాక, చెప్పగలిగినవాటిని రాయాలి. అలా రాసినప్పుడు ఒక బాధ్యత కూడా నెత్తిన పడుతుంది. 2008లో నటి టీనా ఫే అదే అమెరికన్ కార్యక్రమంలో అప్పటి ఉపాధ్యక్ష అభ్యర్థి సారా పాలిన్‌ను దించుతూ “మా ఇంట్లోంచి రష్యా కనిపిస్తుంది” అన్న అర్థం వచ్చే మాట అన్నది. పాలిన్ అన్నది వేరు; అలాస్కాలోని ఒక దీవి నుంచి రష్యా కనబడుతుందని ఆమె ఒక ఇంటర్వ్యూలో చెప్పింది. అయినా స్కిట్‌లోని వాక్యమే పాలిన్ మాటగా చాలామంది మెదళ్ళలో ఉండిపోయింది. మీరు రాసే పంచ్ ఆ వ్యక్తికి అంటుకుపోగలదని తెలిసి రాయండి.

నాలుగవ మెట్టు: వాక్యంలో పంచ్ ఎక్కడ పడాలి

పంచ్ పదం వాక్యం చివర పడాలన్నది అన్ని భాషల హాస్యరచయితలకూ తెలిసినదే. తెలుగులో దానికి ఒక చిక్కుంది. మన వాక్యం క్రియతో ముగుస్తుంది కనుక నవ్వించవలసిన మాట మధ్యలో పడిపోయి, దాని మీద “ఉంది”, “అన్నాడు”, “చేశాడు” వచ్చి మూత పెడతాయి. చలపతి పరామర్శకు వెళ్ళి, “మాకు నూట పదహార్లు బాకీ ఉన్నా పోయినాయన మంచివాడే” అంటే ఎవరూ నవ్వరు. “పోయినాయన మంచివాడే. మాకు నూట పదహార్లు బాకీ” అంటే నవ్వుతారు. వాడుక తెలుగు క్రియను వదిలేయడానికి ఒప్పుకుంటుంది. ఆ వెసులుబాటును ప్రతి పేజీలోనూ వాడుకోండి. రాసిన డైలాగులన్నిటికీ చివరి మాట కింద గీత గీసుకుంటూ వెళితే ఎక్కడ జారిపోయిందో ఇట్టే తెలుస్తుంది.

ప్రాస పంచ్‌ల గురించి కూడా చెప్పాలి. “నువ్వు టమాటా అయితే నేను కటకటా” వంటి అక్షర సామ్యాలు టీవీలో విచ్చలవిడిగా పెరిగాయి. నిమిషానికి ఒకటి వరకు ఫర్వాలేదు. అంతకు మించితే పాత్రలన్నీ ఒకే రచయిత గొంతుతో మాట్లాడతాయి, చలపతికీ డాక్టరుకూ తేడా ఉండదు.

యాసల విషయంలో నియమం సులువు. యాస మాట్లాడటమే జోకు కాకూడదు. శ్రీకాకుళం మనిషి తెలివైన మాటను తన యాసలో అనగలగాలి, చిత్తూరు మనిషి ప్రేమను తన యాసలో చెప్పగలగాలి. ఆ యాస పుట్టుకతో వచ్చిన వారొకరిని స్క్రిప్టు చదివే రోజున కూర్చోబెట్టుకుంటే తప్పులు అక్కడికక్కడే దొరుకుతాయి.

అయిదవ మెట్టు: వారం పని, వడపోత

సాటర్డే నైట్ లైవ్ పద్ధతి దశాబ్దాలుగా దాదాపు ఒకేలా నడుస్తోంది. సోమవారం ఆలోచనలు చెబుతారు, మంగళవారం రాత్రంతా రాస్తారు, బుధవారం నలభై దాకా స్క్రిప్టులను బల్ల చుట్టూ కూర్చుని గట్టిగా చదువుతారు, వాటిలో పట్టుమని డజను మాత్రం సెట్ల దాకా వెళతాయి, శనివారం రాత్రి ఎనిమిదింటికి ప్రేక్షకుల ముందు డ్రెస్ రిహార్సల్ చేసి, నవ్వు రానివాటిని తీసేసి, పదకొండున్నరకు ప్రత్యక్ష ప్రసారానికి వెళతారు. మనకు ప్రత్యక్ష ప్రసారం లేదు, అంత రచయితల బలగమూ ఉండదు. కాని ఆ పద్ధతిలో మనం తెచ్చుకోవలసినది ఒకటి ఉంది, ఎక్కువ రాసి ఎక్కువ పారేయడం. ఒక ఎపిసోడ్‌కు ఒకే స్క్రిప్టు రాసుకుని దాన్నే ఎలాగోలా నిలబెట్టాలని చూసే టీమ్‌కు ఎంచుకునే అవకాశమే ఉండదు. మూడు రాయండి, బల్ల దగ్గర చదవండి, ఒకటి తీసుకోండి.

బల్ల దగ్గర చదివేటప్పుడు టీమ్ బయటి మనుషులు ఇద్దరు ముగ్గురు తప్పనిసరిగా ఉండాలి, అది మేకప్‌మ్యానైనా, లైట్ల కుర్రాడైనా సరే. టీమ్ సభ్యుల నవ్వును లెక్కలోకి తీసుకోవద్దు. వాళ్ళు రాసుకున్న రాత్రి నుంచీ నవ్వుతూనే ఉన్నారు. నవ్వు వచ్చిన చోట టిక్కు పెట్టండి, నిమిషం గడిచినా టిక్కు పడని చోట ఆ పేజీని కుదించండి.

ఆరవ మెట్టు: చట్టం, ఛానెల్, మర్యాద

స్క్రిప్టు ఖరారు కాకముందే ఈ పరిశీలన జరగాలి, సెట్ వేశాక కాదు. 1994 నాటి కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్స్ నియమాల్లోని ఆరవ నియమమే కార్యక్రమాల నియమావళి. మతాలను, కులవర్గాలను దూషించడం, అశ్లీలం, పరువునష్టం, స్త్రీలను కించపరచడంతో పాటు, కొన్ని జాతులను, భాషా సమూహాలను, ప్రాంతాల వారిని వెటకారంగా, చులకనగా చూపడాన్ని కూడా అది నిషేధిస్తుంది. యాస మీద ఆధారపడే ప్రతి రచయితా ఈ చివరి అంశాన్ని గుర్తుంచుకోవాలి.

వైకల్యం మీద హాస్యానికి మన తెరపై పాత అలవాటు ఉంది, దాన్ని వదులుకోవలసిన సమయం ఎప్పుడో వచ్చింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 92వ సెక్షన్, దివ్యాంగులను నలుగురి ముందు ఉద్దేశపూర్వకంగా అవమానించడానికి ఆరు నెలల నుంచి అయిదేళ్ళ దాకా జైలుశిక్ష విధిస్తుంది. 2024 జులైలో సుప్రీంకోర్టు, వైకల్యాన్ని అర్థం చేసుకునే హాస్యం వేరు, ఆ మనిషిని కించపరిచే హాస్యం వేరని స్పష్టంగా చెప్పింది. కులం పేరుతో చేసే పంచ్ విషయంలో చర్చే అక్కరలేదు, కొట్టేయండి.

ప్రముఖుల విషయంలో రెండు చట్టాలు ఎదురవుతాయి. పరువునష్టం ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కిందికి వస్తుంది. చనిపోయిన వ్యక్తి గురించి కుటుంబాన్ని నొప్పించే ఉద్దేశంతో ఆరోపణ చేసినా అది వర్తించవచ్చు. రెండోది వ్యక్తిత్వ హక్కు, అంటే తన పేరు, గొంతు, రూపం ఎవరు వాడుకోవాలో తేల్చుకునే హక్కు. 2010లో గాయకుడు దలేర్ మెహందీ పోలికతో అమ్మిన బొమ్మల కేసులో ఢిల్లీ హైకోర్టు ఆయన పోలికను వాడి సరుకు అమ్ముకోవడాన్ని అడ్డుకుంటూనే, వ్యంగ్యచిత్రాలు, పేరడీలు మామూలుగా హక్కుల ఉల్లంఘన కావని అన్నది. 2023 సెప్టెంబరులో హిందీ నటుడు అనిల్ కపూర్ కేసులోనూ అదే కోర్టు ఆయన పేరు, గొంతు, రూపంతో పాటు “ఝకాస్” అనే ఆయన ఊతపదం పలికే తీరుకూ రక్షణ కల్పిస్తూ, వ్యంగ్యానికీ విమర్శకూ ఉన్న స్వేచ్ఛను గుర్తించింది. దీన్నిబట్టి మన పనికి వచ్చే గీత ఇది: నటుడు తన గొంతుతో చేసే అనుకరణ ఒక రకం, కృత్రిమ మేధతో ఆ ప్రముఖుని గొంతునే తయారు చేసి వాడటం మరో రకం. రెండోదాని జోలికి పోవద్దు. అలాగే అనుకరణ ముక్కను దుకాణం ప్రకటనకు ఇచ్చేముందు న్యాయవాదిని అడగండి. ఎంట్రీకి వాడే సినిమా పాటలకు హక్కులున్నాయో లేదో ఛానెల్ నుంచి రాతపూర్వకంగా తెలుసుకోండి.

ఏడవ మెట్టు: గెటప్, రికార్డింగు

మీసం అతికించే గమ్ కొందరి చర్మానికి పడదు. ముందురోజే చెవి వెనక కొద్దిగా రాసి చూడాలి. ఊడదీసేటప్పుడు లాగకుండా దాని రిమూవర్‌తోనే తీయాలి. మధ్యలో గెటప్ మార్పు ఉంటే కుచ్చిళ్ళు ముందే కుట్టేసిన చీర, వెనక జిప్ ఉన్న షేర్వాణీ వంటివి కాస్ట్యూమ్ వాళ్ళకు చెప్పి చేయించుకోండి, ఆ మార్పుకు పట్టే సమయాన్ని గడియారం పెట్టి చూసి, అంతసేపు వేదిక మీద మిగతా ఇద్దరికీ సంభాషణ రాయండి. కాలర్ మైకు శాలువా కింద పెడితే రాపిడి శబ్దం డైలాగును మింగేస్తుంది. చలపతి పుస్తకం వంటి ప్రాపర్టీ రిహార్సల్ మొదటి రోజు నుంచే చేతిలో ఉండాలి. రబ్బరు బ్యాండు తీయడానికి ఎంతసేపు పడుతుందో వేలికి తెలియాలి, ఎందుకంటే ఆ ఆలస్యమే అతని టైమింగ్.

వేదిక మీద నవ్వు వచ్చినప్పుడు తరువాతి డైలాగు ఎప్పుడు అందుకోవాలన్నది అనుభవంతో గాని రాదు. నవ్వు శిఖరానికి చేరి, దిగడం మొదలైనప్పుడు అందుకోవాలి. పూర్తిగా చల్లారేదాకా ఆగితే ఊపు పోతుంది, మధ్యలో మాట్లాడితే వచ్చే పంచ్ వినపడదు. ఆగినంతసేపు నటుడు పాత్రలోనే ఏదో పని చేస్తూ ఉండాలి. చలపతి అయితే కమలాలు మళ్ళీ లెక్కపెట్టుకుంటాడు.

కెమెరా వాళ్ళకు స్క్రిప్టు ముందే ఇవ్వండి. పడటం, పరుగు, ఒంటి కదలిక ఉన్నచోట దూరపు షాటు ఉండాలి. పంచ్ పడ్డప్పుడు చెప్పినవాడి మొహం కన్నా విన్నవాడి మొహం ఎక్కువ నవ్విస్తుంది. ఎడిటింగులో ప్రతి పంచ్ తరువాతా న్యాయనిర్ణేతల నవ్వు, దాని మీద ఢమాల్ శబ్దం వేయడం మన కార్యక్రమాల్లో ఆచారమైపోయింది. స్కిట్ మధ్యలో అలా పదేపదే బయటికి లాగితే ఆసుపత్రి వార్డు అనే లోకం కూలిపోతుంది. నిడివికి వీలుంటే మూడు నాలుగు పెద్ద నవ్వుల దగ్గర మాత్రమే వాటిని ఉంచమని ఎడిటర్‌ను అడగండి. అన్నిసార్లూ వినకపోవచ్చు, అయినా అడగండి.

ఎనిమిదవ మెట్టు: పాత్ర మళ్ళీ రావాలంటే

ప్రేక్షకులకు నచ్చిన పాత్రను మరుసటి వారమే మళ్ళీ తీసుకురమ్మని ఛానెల్ అడుగుతుంది. ఒప్పుకునే ముందు ఆ పాత్రకు ఒక విడి నోట్‌బుక్ తెరవండి. ఏ చోట పెట్టాం, ఏ మెట్లు వాడేశాం, ముగింపు ఏమిటి, ఏ ఊతపదం ఎన్నిసార్లు అన్నాడు అని ప్రతి ఎపిసోడ్ తరువాతా రాయండి. రెండోసారి వచ్చినప్పుడు ఎంట్రీ పాతదే ఉండాలి, ఎందుకంటే జనం దానికోసమే చూస్తారు. చోటు, ఎదుటి మనుషులు మాత్రం పూర్తిగా కొత్తవి కావాలి. పుస్తకం పోగొట్టుకున్న చలపతి, మరో ఊరి చదివింపుల రాతగాడు ఎదురైన చలపతి వంటి ఆలోచనలు పాత్ర బాగా పరిచయమయ్యాకే పనిచేస్తాయి, వాటిని తొందరపడి మొదటి నెలలోనే ఖర్చు చేయకండి. అనుకరణ పాత్రల ఆయుష్షు ఇంకా తక్కువ, అది వార్తలతో ముడిపడి ఉంటుంది. ఆ వ్యక్తి వార్తల్లోంచి తప్పుకున్నప్పుడు పాత్రనూ పక్కన పెట్టి, విగ్గును పేరు రాసిన సంచిలో దాచి ఉంచండి, ఎన్నికల ముందు మళ్ళీ అడుగుతారు.